బతికున్న మనిషికి బంగారు ఫ్రేము

చంద్రశేఖరం దగ్గు రాయగడ బజారులో అందరికీ తెలిసిన దగ్గే. ఫ్లెక్సు మెషిన్ చప్పుడులో కలిసిపోయి అది కూడా దుకాణం సామానులో ఒకటైపోయింది. ఎవరైనా అడిగితే చాలు, ఆయన దగ్గర జవాబులు సిద్ధం. ఇంకు వాసన అంటాడు. కొండ మీది మంచు అంటాడు. నిన్న తిన్న పకోడీ అంటాడు. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నట్టుండేది ఆ వరస. దసరాకి మొదలైన దగ్గు చలి ముదిరినా వదలకపోతే అది పకోడీ దగ్గెలా అవుతుందో ఆ మహానుభావుడికే తెలియాలి.

దగ్గొక్కటే అయితే ఎలాగో సరిపెట్టుకోవచ్చు. మనిషి కూడా చిక్కిపోతున్నాడు. ఫ్లెక్సుల అంచులకి కన్నాలు కొట్టే పనిముట్టుతోనే తన బెల్టుకి కొత్త కన్నం కొట్టుకుని, ఏమీ ఎరగనట్టు తిరుగుతున్నాడు. భార్య సూర్యావతి మిరియాల కషాయం కాచి పోస్తోంది. కూతురు నాగశ్రీకి మాత్రం ఆ కన్నం చూసినప్పటి నుంచీ కంటి మీద కునుకు లేదు.

నాగశ్రీ విశాఖపట్నంలో డిజైన్ చదువుకుని వచ్చి తండ్రి దుకాణంలోనే కంప్యూటరు ముందు కూర్చుంది. పుట్టినరోజులూ, గృహప్రవేశాలూ, నాయకుల స్వాగతాలూ, పెద్దల శ్రద్ధాంజలులూ, ఒడియాలో కావాలంటే ఒడియాలో, తెలుగులో కావాలంటే తెలుగులో, అన్నీ ఆ పిల్ల చేతిలోంచే వెళ్తాయి. ఊళ్ళో ఎవరికేం చెప్పాలన్నా చెప్పగలదు. ఎటొచ్చీ ఇంట్లో మనిషికే చెప్పలేకపోతోంది.

"నాన్నా, ఆస్పత్రికెళ్ళి ఓసారి సూపించుకో."

"నీకేటి తెల్దమ్మీ. ఇరవయ్యేళ్ళ బట్టి ఈ ఇంకు పీలుస్తన్నాను. దగ్గకపోతే భయపడాల గానీ, దగ్గితే భయమేటి?"

ఇలాంటి మనిషితో ఎవరు వాదిస్తారు చెప్పండి.

అలాంటి రోజుల్లోనే ఆస్పత్రి క్షయ విభాగంలో ప్రచారం పని చూసే దేబాశిష్ దుకాణానికి వచ్చాడు. ఒడియా మనిషే గానీ రాయగడలో ఏళ్ళ తరబడి ఉండి తెలుగు బాగానే పట్టాడు. చంకలోంచి చుట్టచుట్టిన పాత ఫ్లెక్సు ఒకటి తీసి బల్ల మీద పరిచాడు. నల్లటి నేపథ్యం. ఎముకలు తేలిన మనిషి, కళ్ళు గుంటలు, నోటి దగ్గర నెత్తుటి రుమాలు. పైన 'క్షయ ప్రాణాంతకం' అని ఎర్రటి అక్షరాలు. కింద చీమల బారులాగా ఇంకో పేజీడు సంగతులు. ఒక పక్కన నాయకుల ఫొటోలు, ఆ నెత్తురు పక్కనే నవ్వుతూ.

"పోయినేడాది ఇక్కడే వేయించాం. గుడారి నుంచి తెరుబలి దాకా కట్టాం. ఇంత ఖర్చు పెట్టి కడితే పరీక్షకి వచ్చేవాళ్ళు పెరగాలా, తగ్గాలా? మీరే చెప్పండి. తగ్గారు!" అన్నాడు దేబాశిష్, చెమట తుడుచుకుంటూ.

నాగశ్రీ ఆ ఫ్లెక్సుని తనవైపు తిప్పుకుంది.

"తగ్గరేటండీ మరి? ఇది సూస్తే ఆస్పత్రి వైపు కాదు, ఊరవతలకి పారిపోవాలనిపిస్తంది. దగ్గినోడికి ధైర్యం సెప్పాల గానీ, పాడె సూపిస్తే ఎలగ?"

"అయితే నువ్వే చెయ్యమ్మా. నీకు తోచినట్టు."

లోపల మెషిన్ దగ్గర చంద్రశేఖరం దగ్గాడు. నాగశ్రీ అప్పుడే నిశ్చయించుకుంది. జిల్లా సంగతి తర్వాత. ఈ ఫ్లెక్సు ముందు ఒక్క మనిషి కోసం చేస్తుంది. ఆయన కదిలితే ఎవరైనా కదులుతారు.

కానీ ఆయన్ని కదిలించడం మాటలా? అచ్చు వేసిందేదీ చదవని మనిషాయన. పసుపు సరిగ్గా దిగిందా, అంచు తిన్నగా తెగిందా, అంతవరకే చూస్తాడు. పెళ్ళయినా చావయినా ఆయనకి ఇన్ని చదరపు అడుగులే. అలాంటివాడు కూడా ఆగి చూడాలంటే ఏముండాలి? తెలిసిన మొహం ఉండాలి, అనుకుంది నాగశ్రీ. కొన్న ఫొటోలోని ఢిల్లీ మొహం కాదు, రోజూ టీ దగ్గర కనబడే మొహం. ఆ మొహం నవ్వుతూ, చూసేవాడి కళ్ళలోకి తిన్నగా చూడాలి. చుట్టూ బోలెడంత తెల్లటి ఖాళీ. కింద మూడే మాటలు: రెండు వారాలు దాటిన దగ్గా? పరీక్ష ఉచితం. మందులూ ఉచితమే. ఆ మాటలు కూడా ఎంత పెద్దవంటే బస్సులో పోయేవాడికి కూడా అందాలి.

మొహం ఎవరిదో వెతుక్కోనక్కర్లేదు. బజారు చివర చింతపండు టోకు వ్యాపారం చేసే తిరుమలరావు, చంద్రశేఖరానికి వరసకి బావ. రెండేళ్ళ క్రితం క్షయ వచ్చి, ఆరు నెలలు మందులు వాడి, ఇప్పుడు గుండ్రాయిలా ఉన్నాడు. నాగశ్రీ వెళ్ళి సంగతి చెప్పగానే ఆయన భార్య దేముడమ్మ ఇంతెత్తున లేచింది.

"ఓలమ్మో! ఆ జబ్బు పేరు రాసి పక్కన ఈయన మొహమేటి? రేపు మన కొట్లో చింతపండు ఎవడు ముట్టుకుంతాడే?"

తిరుమలరావు బస్తా మీద కూర్చుని చేతికంటిన చింతపండు తుడుచుకున్నాడు.

"నాకు జబ్బొచ్చిందని ఊరందరికీ తెలుసులేయే," అన్నాడు. "నయమైనాదనే ఎవడికీ తెల్దు. ఇప్పటికీ నేనిచ్చిన గ్లాసు తీసుకోడానికి జంకుతారు. ఎయ్యమ్మీ, నా మొహం ఎయ్యి. ఎంత పెద్దది ఏస్తావో ఎయ్యి."

నాగశ్రీ అక్కడికక్కడే ఫొటో తీసింది. మనిషి నిజంగా సంతోషంగా నవ్వాడు. బాగా కుదిరిన ఫొటో అంటే అదీ. సాయంత్రానికి డిజైన్ తయారైంది. తెర మీద చూసి చంద్రశేఖరం మొహం చిట్లించాడు.

"ఏటమ్మీ ఇది? ఇంత ఖాళీయా? సున్నం కొట్టిన గోడలాగుంది."

"ఖాళీ ఉంటేనే నాన్నా, కళ్ళు తిన్నగా మొహం మీదికి నడిసొస్తాయి."

"ఊర్లో కాళ్ళు నడవడానికే జాగా నేదు. కళ్ళకి తోవలు ఏస్తన్నావా?" అని నవ్వబోయి, ఆ నవ్వు దగ్గులోకి దిగి, గోడ పట్టుకుని నిలబడ్డాడు. అంత దగ్గీ, తెర మీద ఉన్న పెద్ద ప్రశ్నకి మాత్రం ఏమీ పట్టనట్టు, "పసుపు కాస్త పెంచు" అని వెళ్ళిపోయాడు. నాగశ్రీకి ఏడుపొచ్చినంత పనైంది.

కొరాపుట్‌లో దేబాశిష్‌కి తెలిసిన అధికారి ఒకాయన ఉన్నాడు. ఆయనకీ ఇలాంటిదే కావాలట. అందుకని ఏ బొమ్మ దగ్గర జనం ఆగుతారో చూడటానికి నాగశ్రీ, దేబాశిష్ కలిసి అక్కడి నందపూర్ సంతకి వెళ్ళారు. పాత ఎముకల బొమ్మ, కొత్త నవ్వు మొహం పక్కపక్కనే కట్టి, అల్లం అమ్మే ఆమె పక్కన చోటు చూసుకుని కూర్చున్నారు. సంత అంటే సంతే. రాగులు, ఎండుచేపలు, కోళ్ళు, గొడవలు. ఎముకల మనిషి దగ్గరికి రాగానే జనం చూపు తిప్పుకుని అడుగు వేగం పెంచారు. ఒక తల్లయితే చంకలో బిడ్డ కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టింది. తిరుమలరావు దగ్గర మాత్రం ఆగారు. ఈయన ఎవరు, ఏ ఊరు, ఎందుకు నవ్వుతున్నాడు అని అక్కడి దేశియా భాషలో ఒకరినొకరు అడిగారు. చదవగలిగిన కుర్రవాడెవడో మూడు మాటలూ చదివి వినిపిస్తే, ఒక ముసలాయన దేబాశిష్ దగ్గరికొచ్చి, తన దగ్గుకి కూడా పరీక్ష చేస్తారా అని అడిగాడు.

"చూశావా! చూశావా!" అంటూ దేబాశిష్ అల్లం బుట్ట తన్నేసి, ఏరుకోవడానికి మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

సరిగ్గా ఆ సంబరంలో ఉండగా చంద్రశేఖరం ఫోను చేశాడు. ఆస్పత్రివాళ్ళు తొందర పెడుతున్నారట, ఊళ్ళోవి ఇవాళే కట్టాలట.

"ఏసెయ్ నాన్నా. ఫైలు తెర మీదే ఉంది. నీకు దండం పెడతాను, ఏటీ మార్చకు."

"సర్లే, సర్లే."

ఇల్లలకగానే పండగ కాదని ఊరికే అన్నారా.

దేబాశిష్ ఆ రాత్రికే రాయగడ చేరుకున్నాడు. నాగశ్రీ మాత్రం ఆ పూటకి కొరాపుట్‌లో తెలిసినవాళ్ళింట్లో ఉండిపోయి, మర్నాడు రాయగడ రైలెక్కింది. స్టేషనులో దిగుతుండగా తల్లి ఫోను. అవతల ఏడుపు.

"ఓలమ్మీ! తిరుమలరావు మావ పోనాడంటే! బజారంతా అదే సెప్పుకుంతన్నారు. మీ నాన్న ఎక్కడున్నాడో ఫోనెత్తడు. బేగి రా!"

నాగశ్రీ దొరికిన ఆటో ఎక్కేసింది. మొన్న బస్తా మీద కూర్చుని నవ్విన మనిషి. నయమైందని అందరికీ చెప్పమన్న మనిషి. ఆటోలో కూర్చుని ముక్కు తుడుచుకుంటూ ఏడ్చింది. పెద్ద కూడలి దగ్గర ఆటో మలుపు తిరిగింది. ఏడుపు ఠక్కున ఆగిపోయింది.

స్తంభాల మధ్య తిరుమలరావు. ఆ నవ్వే. కాకపోతే మొహం చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో బంగారు ఫ్రేము. ఫ్రేము కింద బంతిపూల దండ. అటొక దీపం, ఇటొక దీపం. వెనక నీలాకాశం, తెల్లటి మబ్బులు, ఆ మబ్బుల్లో రెండు పావురాలు. పరీక్ష, మందులు, ఉచితం అన్నీ అడుగున, పోయినవారి వయసు రాసే చోట, చిన్న అక్షరాల్లో నలిగి కూర్చున్నాయి. ఆకాశంలోంచి బావగారు ఊరందరినీ ఆశీర్వదిస్తున్నారు.

"ఎంత మంచోడమ్మా," అన్నాడు ఆటోవాడు తల మీంచి రుమాలు తీసి.

"నాన్నా!" అని అరిచింది నాగశ్రీ. ఆటోవాడు ఉలిక్కిపడ్డాడు, పోయినాయన కూతురనుకుని ఇంకా జాలిపడ్డాడు.

తిరుమలరావు ఇంటి ముందు చెప్పుల గుట్ట. తెరుబలి ఫ్యాక్టరీలో డ్యూటీ దిగినవాళ్ళు దిగినట్టే వచ్చేశారు. పార్వతీపురం చుట్టాలు సగం దారిలో ఉన్నారట. ఒకాయన చేతిలో గులాబీ దండ ఎక్కడ పెట్టాలో తెలియక తన మెడలోనే వేసుకుని నిలబడ్డాడు. పోయాడన్న మనిషి అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. వచ్చినవాళ్ళు ముందు ఏడ్చి, తర్వాత ఆయన్ని తడిమి చూసి, ఆ తర్వాత టీ అడుగుతున్నారు. దేముడమ్మ పరిస్థితి వేరు. చావు వార్త పుడితే గండం గడిచి ఆయుస్సు పెరుగుతుందని ఒక చేత్తో దేముడికి దండం పెడుతోంది, రెండో చేత్తో చంద్రశేఖరానికి వేలు చూపించి తిడుతోంది.

"నా పసుపు కుంకాలు నీకేటి అలుసయ్యేయిరా? బతికున్నోడికి దీపాలెడతావా?"

చంద్రశేఖరం గోడకి ఆనుకుని, తల దించుకుని ఉన్నాడు.

"దీపం శుభమే కదా అక్కా అనుకున్నాను. ఆ ఫ్రేము మా దుకాణంలోకెల్లా అందమైంది. బావకని ఏసేను."

నిజంగా అలాగే అనుకున్నాడు, అదీ విడ్డూరం. ఇరవయ్యేళ్ళుగా ఊళ్ళో పెద్దలందరినీ ఆ ఫ్రేములోనే సాగనంపిన చెయ్యి, ఇష్టమైన మనిషి మొహం కనబడగానే తిన్నగా దాని దగ్గరికే వెళ్ళింది. అక్షరం ఒక్కటి కూడా చావు అనలేదు. ఎవరు చదివారు గనక? ఫ్రేము చెప్పింది, ఊరు నమ్మింది. నందపూర్‌లో తను కళ్ళారా చూసిందే ఇక్కడ తలకిందులుగా జరిగిందని నాగశ్రీకి అర్థమైంది. నవ్వొచ్చింది, తండ్రి పీక పిసకాలని కూడా అనిపించింది.

ఇంకేదో చెప్పబోయిన చంద్రశేఖరానికి దగ్గొచ్చింది. మామూలుగా రాలేదు. మనిషి వంగిపోయాడు, అరుగు అంచు పట్టుకున్నాడు, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అందరూ మాటలు ఆపేశారు. ఇక్కడ మెషిన్ చప్పుడు లేదు, ఆ దగ్గు ఎంత లోతు నుంచి వస్తోందో అందరికీ వినబడింది. తిరుమలరావు టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఎన్నాళ్ళ బట్టి బావా?"

"ఇంకు వాసన..."

"నాకూ సింతపండు దుమ్మే అనిపించింది. ఎన్నాళ్ళ బట్టి?"

"దసరా నుంచి," అంది నాగశ్రీ.

తిరుమలరావు లేచొచ్చి బావమరిది ఎదురుగా నిలబడ్డాడు. వ్యాపారి కదా, బేరానికి దిగాడు.

"ఈ ఫ్లెక్సులన్నీ దింపీసి కొత్తవి కట్టాలి కదా? నా మొహం మళ్ళీ కావాల్నా వద్దా?"

"కావాల బావా. ఆస్పత్రివాళ్ళు నన్ను నమిలీస్తారు."

"అయితే మొహానికి కఫం. నువ్వు ఆస్పత్రికెల్లి డబ్బీలో ఉమ్మి ఇచ్చిరా, నేను మొహం ఇస్తాను. సరుకుకి సరుకు."

జనం గొల్లుమన్నారు. చంద్రశేఖరం మాత్రం నవ్వలేదు. గబగబా చెప్పులు వెతుక్కుని సందులోకి నడిచాడు. నాగశ్రీ వెనకే పరుగెత్తి చెయ్యి పట్టుకుంది.

"వొగ్గీ అమ్మీ. నేనెల్లను."

"ఎందుకెల్లవు? ఊరందరికీ ఎల్లమని ఫ్లెక్సులేసి నువ్వెందుకెల్లవు? నీకేటైనా అయితే మేమేటి కావాల?" నాగశ్రీ దారికి అడ్డం నిలబడింది.

చంద్రశేఖరం గోడ వైపు తిరిగాడు.

"ఆ పాత బొమ్మ ఏసింది నేనే కదమ్మీ. మెషిన్లోంచి ఆ ఎముకలోడు ఒకడి ఎనకాల ఒకడు బయటికొస్తంటే అన్నీ నేనే సుట్టలు సుట్టేను. అప్పట్నించీ దగ్గినప్పుడల్లా ఆడే కళ్ళకి కడతన్నాడు. ఆస్పత్రికెల్తే, ఆడివి నువ్వేరా అంటారు. అనకపోతే ఇలగే ఉండొచ్చు కదా అని..."

తన తండ్రి ఏదీ చదవడనుకుంది నాగశ్రీ. చదివాడు. జిల్లా మొత్తంలో ఆ ఫ్లెక్సుని అంత గట్టిగా నమ్మినవాడు ఈయనొక్కడే. ఇన్నాళ్ళూ ఆ భయాన్ని పకోడీల మీదా, మంచు మీదా తోసి, కూతురి ముందు నవ్వుతూ తిరిగాడు. ఆ పిల్లకి జాలేసింది, తన మీద తనకి కోపమూ వచ్చింది.

"మరి కొత్తదెందుకు పాడుసేసేవు?"

"పాడుసెయ్యలేదే. బావ అంత నిండుగా నవ్వుతన్నాడు. అలాటి నవ్వు ఒట్టిగా నడిబజార్లో ఏలాడదీస్తే దిష్టి తగల్దా? మళ్ళీ ఏటైనా అయితేనో? అందుకే సుట్టూ ఫ్రేము కట్టేను."

ఈ మాటకి నాగశ్రీ ఏడ్చేసింది. ఏడుస్తూనే నవ్వింది.

"ఆ నవ్వు ఎలాగొచ్చిందో తెల్సా నాన్నా? డబ్బీలో ఉమ్మి ఇస్తే వచ్చింది. పద."

అప్పటికి తిరుమలరావు కూడా సందులోకి వచ్చేశాడు. చంద్రశేఖరం చెరొక రెక్కా పట్టుకున్న ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఇక లాభం లేదని తెలిసిపోయింది. ఆస్పత్రి దగ్గర దేబాశిష్ వాళ్ళని చూసి తెల్లమొహం వేశాడు. నడిచొస్తున్నది ఎవరు మరి! పొద్దున్న వార్త విని తను కూడా ఒక చిన్న దండ కొన్నాడు పాపం. వెనకాల చావింటి నుంచి మరో నలుగురైదుగురు వచ్చారు. తిరుమలరావు బతికే ఉన్నాడు కదా, పనిలో పనిగా మా దగ్గు కూడా చూడండన్నారు. ఆ పూట డబ్బీలకి కొరత వచ్చింది.

మర్నాటికి చంద్రశేఖరానికి క్షయ ఉందని తేలింది. సూర్యావతికీ, నాగశ్రీకీ పరీక్ష చేస్తే ఏమీ లేదు. డాక్టరు ఊపిరితిత్తుల ఫొటో చూసి, ఇంకా ఆలస్యం చేస్తే కష్టమయ్యేది, ఇప్పుడు ఆరు నెలలు తప్పకుండా మందులు మింగితే చాలు అన్నాడు. చంద్రశేఖరం ఇంటికొచ్చి వంటింట్లో పీట మీద కూర్చున్నాడు. నాగశ్రీ మంచినీళ్ళ గ్లాసు, మాత్రలు తెచ్చి ముందు పెట్టింది. ఆయన మాత్రల్ని వేలితో లెక్కపెట్టాడు.

"భయమేస్తందమ్మీ," అన్నాడు మెల్లిగా.

"నాకూ ఏసింది నాన్నా. దసరా నుంచి నిన్నటిదాకా. ఇప్పుడు పోనాది."

"మరి నాతో సెప్పనేదేటి?"

నాగశ్రీ తండ్రి ఎదురుగా నేల మీద కూర్చుంది.

"రోజూ సెప్పేను. నువ్వు ఇన్లేదు. అందుకే అంత పెద్ద అక్షరాలేసి, మావ మొహమెట్టి, సుట్టూ ఖాళీ వొగ్గి మళ్ళీ సెప్పేను. ఆ ఫ్లెక్సు జిల్లా కోసమనుకున్నావా?"

చంద్రశేఖరం కూతురి మొహంలోకి చూశాడు. తర్వాత మాత్రలన్నీ ఒకేసారి నోట్లో వేసుకుని, నీళ్ళు చివరి చుక్క దాకా తాగి, ఖాళీ గ్లాసు కూతురి చేతికిచ్చాడు.